కాసిమేడు వలల షెడ్డుకు, ఒక ఫైబర్ పడవకు సోలార్: ఉప్పుగాలిలో పదిహేను నెలల డైరీ

స్థలం చెన్నై కాసిమేడు రేవుకు ఉత్తరాన, అలల అంచుకు సుమారు 120 మీటర్ల దూరంలో ఉన్న రేకుల షెడ్డు. కరెంటు లైను లేదు. వలలు బాగుచేసుకునే చోటు, రాత్రి పడవలు దిగే సరంగులు, కళాసీలు ఫోన్లు, వాకీటాకీలు చార్జింగ్ పెట్టుకునే చోటు ఇదే. ఆగస్టు మొదటి వారాన్ని రోజు 1 అనుకుని రాస్తున్నాం. తీరంలో ఇలాంటిది కట్టబోయేవాళ్ళకు బాగా నడిచిన భాగాల కంటే పాడైన భాగాలు ఎక్కువ పనికొస్తాయి కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాం.

రోజువారీ వాడకం

- లోపలి ఎల్‌ఈడీలు: 4 × 7 వాట్లు × 5 గంటలు = 140 వాట్ అవర్లు
- బయట రాత్రంతా వెలిగే దీపం: 5 వాట్లు × 11 గంటలు = 55
- 12 వోల్టుల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాను: 24 వాట్లు × 10 గంటలు = 240
- ఫోన్లు: 8 × 15 = 120
- చేతి వీహెచ్‌ఎఫ్ రేడియోలు: 4 × 15 = 60
- పడవల జీపీఎస్, ఎకోసౌండర్లకు (నీటి లోతు చూపేవి) వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీలు: 2 × 100 = 200

మొత్తం రోజుకు 815 వాట్ అవర్లు. ఫోన్లు, బ్యాటరీల లెక్కలో చార్జింగ్ నష్టం కలిపే ఉంది. ఈ లెక్కలో ఒక ముఖ్యమైన ఖర్చును వదిలేశాం. అదేమిటో మూడో దశలో బయటపడింది.

దశ 1: మొదటి అమరిక (రోజు 1 నుంచి 10)

కొన్నవి: 335 వాట్ల 72 సెల్లుల ప్యానెల్ ఒకటి, 20 యాంప్స్ పీడబ్ల్యూఎం చార్జ్ కంట్రోలర్, 150 ఏహెచ్ ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, 600 వాట్ల ఇన్వర్టర్, మామూలు రాగి వైరు, రంగు వేసిన ఇనుప గొట్టాల ఫ్రేము. ఫ్రేమును షెడ్డు కప్పు మీదే బిగించాం.

రోజు 3, మిట్టమధ్యాహ్నం, మబ్బు లేదు. బ్యాటరీలోకి వెళ్తున్నది 8.3 యాంప్స్, 13.1 వోల్టులు. అంటే 109 వాట్లు. 335 వాట్ల ప్యానెల్ నుంచి మూడో వంతే అందుతోంది.

ప్యానెల్‌లో లోపం లేదు. పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి, విడదీసి, మళ్ళీ కలుపుతుంది. కలిపినప్పుడు ప్యానెల్ వోల్టేజి బ్యాటరీ స్థాయికి పడిపోతుంది. ఈ ప్యానెల్ తన పూర్తి శక్తి ఇచ్చేది 38 వోల్టుల దగ్గర, 8.8 యాంప్స్‌తో. దాన్ని 13 వోల్టులకు లాగితే యాంప్స్ అవే ఉంటాయి, మిగిలిన 25 వోల్టులు దండగ. పీడబ్ల్యూఎం పెట్టాలనుకుంటే 36 సెల్లుల, 18 వోల్టుల ప్యానెల్ కొనాలి. పెద్ద ప్యానెల్ వాట్‌కు చవక పడుతుందని కొని, దానికి చవక కంట్రోలర్ తగిలిస్తే ఆ చవకంతా అక్కడే పోతుంది.

రోజు 10న 40 యాంప్స్, 100 వోల్టుల ఎంపీపీటీ కంట్రోలర్‌కు (మిగులు వోల్టేజిని యాంప్స్‌గా మార్చి బ్యాటరీకి ఇచ్చేది) మార్చాం. అదే వేళకు, అదే ఎండలో 19.6 యాంప్స్, 13.1 వోల్టులు: 257 వాట్లు. మిగతా 78 వాట్లు వేడి వల్ల, ఎండ పూర్తి బలంతో లేకపోవడం వల్ల పోయాయి. సెల్ వేడి 60 డిగ్రీలు దాటే చోట అట్ట మీద రాసిన వాట్లు ఎప్పుడూ రావు.

కంట్రోలర్ మార్చేటప్పుడు వరుస తప్పకూడదు:

1. ముందు ప్యానెల్ వైర్లు విప్పాలి.
2. తర్వాత బ్యాటరీ వైర్లు.
3. కొత్తదానికి మొదట బ్యాటరీ కలపాలి. అది 12 వోల్టులా, 24 వోల్టులా అన్నది కంట్రోలర్ దాన్ని బట్టే గుర్తిస్తుంది.
4. చివరగా ప్యానెల్.

ఇప్పటిదాకా ఖర్చు: ప్యానెల్ 9,500, పీడబ్ల్యూఎం 1,100, బ్యాటరీ 14,500, ఇన్వర్టర్ 4,200, వైర్లు 3,200, ఫ్రేము 4,000, ఎంపీపీటీ 8,500. మొత్తం రూ. 45,000. అతుకులు (వైరు దేనికైనా కలిసే చోట్లు): 46.

అతుకుల లెక్క ఎందుకంటే, ఇక్కడి నుంచి డైరీలో సగం వాటి గురించే.

దశ 2: అతుకులు, చిలుము (రోజు 11 నుంచి 90)

రోజు 43న ఫ్యాను వేగం తగ్గింది. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, ఫ్యాను దగ్గర 11.8. మధ్యలో 0.8 వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడానికి ప్రతి అతుకునూ మిల్లీవోల్టుల్లో కొలిచాం. ఈ పద్ధతికి మల్టీమీటర్ ఒక్కటి చాలు. తీరంలో సోలార్ పెట్టిన ప్రతి ఒక్కరూ నెలకోసారి చేయాల్సిన పని ఇది.

1. సమాంతరంగా కలిపిన రెండు 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులను లోడ్‌గా పెట్టాలి. సుమారు 9 యాంప్స్ లాగుతాయి. ఎప్పుడు కొలిచినా అదే లోడ్ ఉండాలి, లేకపోతే నెలనెలా అంకెలు పోల్చలేం.
2. మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టాలి.
3. ఒక ముల్లు బ్యాటరీ పోస్టు సీసం మీద, రెండోది లగ్గులోకి (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొన) దూరిన వైరు రాగి మీద. రెండూ లగ్గు మీదే పెడితే కొలిచేది లగ్గును, అతుకును కాదు.
4. అంకెను ఆ అతుకు పక్కన మార్కర్‌తో రాయాలి, తేదీతో సహా.

బ్యాటరీ పాజిటివ్ లగ్గు దగ్గర వచ్చిన అంకెలు: రోజు 1న 3 మిల్లీవోల్టులు, రోజు 43న 138, రోజు 77న 410. తొమ్మిది యాంప్స్ దగ్గర 410 మిల్లీవోల్టులంటే ఆ ఒక్క అతుకులో 3.7 వాట్లు వేడిగా పోతున్నాయి. లగ్గును వేలితో తాకితే కాలింది.

పైన చుట్టిన పీవీసీ టేపు విప్పితే లోపల పచ్చటి చిలుము. టేపు లేని అతుకుల కంటే టేపు చుట్టినవే ఎక్కువ పాడయ్యాయి. కారణం ఉప్పు స్వభావంలోనే ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి తనంతట తానే నీరైపోతుంది. చెన్నై తీరంలో చాలా రాత్రులు, తెల్లవారుజాములు తేమ అంతకంటే ఎక్కువే. అంటే లగ్గు మీద పడిన ఉప్పు పొర రోజూ రాత్రి ఉప్పునీరవుతుంది, పగలు ఆరుతుంది. టేపు చుట్టినచోట పగలు కూడా ఆరదు. వాన పడకపోయినా, అల తాకకపోయినా అతుకు ప్రతి రాత్రీ తడుస్తూనే ఉంది.

ఇంకో సంగతి. వైరును కోసి చూస్తే ఇన్సులేషన్ లోపల 9 సెంటీమీటర్ల దాకా రాగి పోగులు నల్లబడి ఉన్నాయి. దీపం ఒత్తి నూనెను పీల్చినట్టు పోగుల మధ్య సందులు ఉప్పునీటిని లోపలికి పీలుస్తాయి. నల్లబడిన రాగి మీద కొత్త లగ్గు నొక్కితే మళ్ళీ అదే కథ. మెరిసే రాగి కనబడేదాకా కోయాలి. అందుకే వైరు వేసేటప్పుడే రెండు చివర్లా అరమీటరు అదనంగా వదలడం మంచిది.

మార్చినవి:

- మామూలు రాగి వైరు స్థానంలో తగరం పూసిన రాగి వైరు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో అడిగితే చాలామంది తెల్లగా మెరిసే అల్యూమినియం వైరు చూపిస్తారు. చివర బ్లేడుతో గీకితే లోపల ఎర్రగా కనబడాలి.
- తగరం పూసిన రాగి లగ్గులు, హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్. సుత్తితో కొట్టిన లగ్గులో పోగుల మధ్య ఖాళీ మిగులుతుంది.
- లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం. వేడి చేసినప్పుడు చివర్ల నుంచి జిగురు కొద్దిగా బయటికి ఉబకాలి. ఉబకకపోతే అది మామూలు ష్రింక్, నీటిని ఆపదు.
- బిగించిన తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ. ముందే పూసి బిగిస్తే జెల్లీ లోహాల మధ్యలో చిక్కుకుని ఆనిక తగ్గుతుంది.

లగ్గుల్లో సోల్డర్ పోయలేదు. సోల్డర్ పోగుల్లోకి పాకి వైరును పుల్లలా బిరుసు చేస్తుంది. అదిరేచోట సరిగ్గా ఆ బిరుసు ముగిసే దగ్గర వైరు విరుగుతుంది. పడవలో ఇది ఇంకా ముఖ్యం.

వీటన్నిటికంటే పెద్ద మార్పు అతుకుల సంఖ్యను తగ్గించడం. జంక్షన్ బాక్సులు, మధ్యలో ముడివేసిన వైర్లు, టూపిన్ సాకెట్లు తీసేసి ప్రతి లోడ్‌కూ ఫ్యూజు పెట్టె నుంచి ఒకే వైరు లాగాం. వైరు 11 మీటర్లు ఎక్కువ పట్టింది, అతుకులు 46 నుంచి 19కి దిగాయి. పళ్ళికరణైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) సముద్రంలో లంగరు వేసి నిలిపే సమాచార బోయాలు కూడా సోలార్ ప్యానెళ్ళు, బ్యాటరీల మీదే నడుస్తాయి. అక్కడ ఒక లగ్గు వదులైతే బిగించడానికి ఓడ కట్టుకుని వెళ్ళాలి. తీరం మీద కూడా అంత ఖరీదైన పనిలా ప్రతి అతుకునూ చూడాలని మా అభిప్రాయం.

ఇప్పుడు పాటించే హద్దు: 9 యాంప్స్ దగ్గర 20 మిల్లీవోల్టులు దాటితే ఆ వారం విప్పి శుభ్రం చేయాలి, 50 దాటితే ఆ రోజే.

ఈ దశ ఖర్చు రూ. 9,800. మొత్తం రూ. 54,800. అతుకులు: 19.

దశ 3: నవంబరు (రోజు 91 నుంచి 120)

రోజు 95, మూడో రోజు ముసురు. రాత్రి 2 గంటలకు ఇన్వర్టర్ ఆగిపోయింది. బ్యాటరీ 11.4 వోల్టులు. ఒడ్డుకొచ్చే పడవలు గుర్తుగా చూసుకునే బయటి దీపం కూడా దానితోపాటే ఆరిపోయింది. ఆ దీపం ఇన్వర్టర్ మీద ఉండడమే తప్పు.

కారణాలు వెతికితే మూడు దొరికాయి.

మొదటిది, ఇన్వర్టర్ ఊరికే తినే కరెంటు. దాని మీద ఏ లోడూ లేనప్పుడు క్లాంప్ మీటర్‌తో కొలిస్తే 0.9 యాంప్స్. అంటే 11 వాట్లు, రోజుకు 264 వాట్ అవర్లు. 815 అనుకున్న వాడకం నిజానికి 1,079. షెడ్డులో ఉన్నవన్నీ 12 వోల్టుల మీద గానీ, యూఎస్‌బీ మీద గానీ నడుస్తాయి. ఇన్వర్టర్ తీసేశాం. పైగా దాని చిన్న ఫ్యాను మూడు నెలలపాటు ఉప్పుగాలిని బోర్డు మీదికి ఊదింది. లోపల ట్రాన్సిస్టర్ కాళ్ళ మధ్య తెల్లటి పొర. ఫ్యాను ఉన్న ఏ ఎలక్ట్రానిక్ పెట్టె అయినా తీరంలో తన ఉప్పును తానే లోపలికి పీల్చుకుంటుంది.

రెండోది, ప్యానెల్ లెక్క. ఏడాది సగటు ఎండతో లెక్కవేస్తే ఒక ప్యానెల్ చాలనిపిస్తుంది. చెన్నైకి అసలు పరీక్ష ఈశాన్య ఋతుపవనాల కాలం. నవంబరుకు రోజుకు 3.5 గంటల పూర్తి ఎండ, వేడి, మురికి, వైర్లు, బ్యాటరీ నష్టాలు పోగా 0.7 అనుకుంటే:

- ఒక ప్యానెల్: 335 × 3.5 × 0.7 = 820 వాట్ అవర్లు. ఇన్వర్టర్ తీసేసినా వాడకం 815. మిగులు ఏమీ లేదు. ఒక్కసారి బ్యాటరీ దిగితే ముసురు వెళ్ళేదాకా మళ్ళీ నిండదు.
- రెండు ప్యానెళ్ళు: 1,641. వాడకం పోగా 826 మిగులు. కింద చెప్పే కొత్త బ్యాటరీ ఖాళీ అయినా రెండున్నర రోజుల్లో నిండుతుంది.

రెండో ప్యానెల్ రోజువారీ వాడకానికి కాదు, కోలుకోవడానికి. చాలా లెక్కల్లో ఇదే ఉండదు.

మూడోది, బ్యాటరీ. 150 ఏహెచ్ ట్యూబులర్ అంటే 1,800 వాట్ అవర్లు. ఎక్కువ కాలం బతకాలంటే సగమే వాడాలి, అంటే 900. అప్పటి మా 1,079 వాడకానికి అది ఒక్క రోజు కూడా రాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం నిండి రోజుల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. చివరి 20 శాతం నింపడానికి గంటల తరబడి నెమ్మదిగా చార్జ్ చేయాలి, నవంబరులో అన్ని గంటల ఎండ ఉండదు. డిసెంబరులో పూర్తిగా చార్జ్ చేశాక హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) పెట్టి చూస్తే రెండు సెల్లుల్లో 1.190, మిగతావాటిలో 1.235. ఐదు నెలలు నిండకముందే రెండు సెల్లులు దెబ్బతిన్నాయి.

దాన్ని తీసి 12.8 వోల్టుల 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాం. 2,560 వాట్ అవర్లు, 80 శాతం వాడితే 2,048: రెండున్నర రోజులు. ఇది సగం నిండి ఉన్నా పాడవదు, వచ్చిన కరెంటంతా దాదాపు చివరిదాకా అదే వేగంతో తీసుకుంటుంది.

కంట్రోలర్‌లో మార్చిన సెట్టింగులు:

1. చార్జింగ్ వోల్టేజి 14.2.
2. ఫ్లోట్ (బ్యాటరీ నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 13.5.
3. ఈక్వలైజ్ (లెడ్ యాసిడ్ కోసం అప్పుడప్పుడు వోల్టేజి పెంచే పని) పూర్తిగా ఆపాలి. ఆపకపోతే నెలకోసారి వోల్టేజి 14.6 దాటుతుంది, అప్పుడు బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూటు (బీఎంఎస్) కరెంటును ఆపేస్తుంది.
4. ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజి సర్దే సెట్టింగు సున్నా. అది లెడ్ యాసిడ్‌కు కావాలి, దీనికి అక్కర్లేదు.
5. లోడ్ ఆగేది 12.0 వోల్టుల దగ్గర, మళ్ళీ మొదలయ్యేది 12.8 దగ్గర.
6. బయటి దీపం ఈ కట్‌ఆఫ్‌కు ముందు, నేరుగా బ్యాటరీ నుంచి, సొంత 2 యాంప్స్ ఫ్యూజుతో. అన్నీ ఆరినా అది ఆరకూడదు.

బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీదే 60 యాంప్స్ ఫ్యూజు. ఈ బ్యాటరీలో షార్ట్ అయితే వచ్చే కరెంటు వెయ్యి యాంప్స్‌ను దాటగలదు. ఫ్యూజు అరమీటరు దూరంలో ఉంటే ఆ అరమీటరు వైరుకు కాపలా లేనట్టే. ఇళ్ళల్లో వాడే ఏసీ ఎంసీబీని (ట్రిప్ అయ్యే స్విచ్చు) ఇక్కడ వాడొద్దు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాను తాకుతుంది కాబట్టి స్విచ్చులోని నిప్పు ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు.

రెండో ప్యానెల్ 9,500, బ్యాటరీ 46,000, పాత బ్యాటరీ తుక్కు కింద వెనక్కి 4,500. ఈ దశ రూ. 51,000. మొత్తం రూ. 1,05,800.

దశ 4: ఫ్రేము (రోజు 254 నుంచి 300)

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవలకు చేపలవేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, సాయానికి మనుషులు దొరుకుతారు. పెద్ద పనులు ఈ రోజుల్లోనే పెట్టుకున్నాం.

అప్పటికి పాత ఇనుప ఫ్రేము వెల్డింగుల దగ్గర పొరలు పొరలుగా రాలుతోంది. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 304 బోల్టుల మీద టీ మరకల్లాంటి గోధుమ రంగు. అల్యూమినియం ప్యానెల్ ఫ్రేము, స్టీలు బోల్టు నేరుగా తాకిన నాలుగు చోట్లా అల్యూమినియం తెల్లటి పొడిగా మారింది. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీరు ఉంటే అది చిన్న బ్యాటరీయే. అందులో అరిగేది అల్యూమినియం.

షెడ్డు రేకుల మీద రెండు ప్యానెళ్ళు పెట్టే ఆలోచన లెక్కవేశాక మానుకున్నాం. భవనాల గాలి లెక్కలకు వాడే ఐఎస్ 875 మూడో భాగంలో చెన్నైకి మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఒత్తిడి 0.6 × 50 × 50 = చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. రెండు ప్యానెళ్ళ వైశాల్యం 3.9 చదరపు మీటర్లు. ఆకారానికి 1.2 గుణిస్తే 7,020 న్యూటన్లు, సుమారు 715 కిలోల లాగుడు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నైలో చెట్లను వేళ్ళతో ఎలా లేపిందో చూసినవాళ్ళకు ఈ అంకె ఎక్కువనిపించదు.

అందుకే నేల మీదే విడిగా నాలుగు కాళ్ళ ఫ్రేము. ఒక్కో పునాది 45 × 45 × 60 సెంటీమీటర్ల కాంక్రీటు, 290 కిలోలు. నాలుగూ కలిపి 1,160 కిలోలు. ఇసుకనేలలో కాంక్రీటు బరువే ఆధారం, ఇసుక పట్టు మీద నమ్మకం పెట్టుకోకూడదు. గొయ్యి అడుగున 15 సెంటీమీటర్లు కంకర దిమ్మిస వేశాం.

1. ఫ్రేము మొత్తం కోసి, రంధ్రాలు వేసి, వెల్డింగ్ చేసి, ఆ తర్వాతే హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు (కరిగిన జింక్‌లో ముంచడం) పంపాలి. గాల్వనైజ్ అయ్యాక వేసిన ప్రతి రంధ్రం తుప్పుకు తెరిచిన తలుపు. మావాటిలో రెండు రంధ్రాలు మరిచిపోయి సైట్‌లో వేశాం. జింక్ పెయింటు మూడు పూతలు వేసినా ఇప్పుడు తుప్పు కనబడేది ఆ రెండు చోట్లే.
2. గొట్టాల చివర్లు మూయకుండా వదలాలి. మూసిన గొట్టం జింక్ తొట్టిలో పేలే ప్రమాదం ఉంది.
3. బోల్టులు ఎస్‌ఎస్ 316. ఇందులో ఉండే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉప్పుకు నిలబెడుతుంది. పారీస్ హార్డ్‌వేర్ కొట్లలో అడిగి తీసుకోవాలి, బోల్టు తల మీద ఏ4 అని చెక్కి ఉంటుంది. ఏ2 అంటే 304.
4. బోల్టుకూ అల్యూమినియానికీ మధ్య నైలాన్ బుష్, రెండు వైపులా నైలాన్ వాషర్.
5. మరకు యాంటీ సీజ్ పూత. స్టెయిన్‌లెస్ నట్టును పొడిగా, వేగంగా బిగిస్తే మధ్యలోనే అంటుకుపోతుంది, తర్వాత రంపమే దిక్కు.
6. నైలాన్ బుష్ వల్ల ప్యానెల్ ఫ్రేముకు భూమితో సంబంధం తెగుతుంది కాబట్టి విడిగా ఎర్త్ వైరు, తగరం పూసిన లగ్గుతో.

వంపు 15 డిగ్రీలు, దక్షిణ ముఖంగా. చెన్నై అక్షాంశం 13. నవంబరు కోసం ఇంకా వాల్చాలని కొందరంటారు, ఎందుకంటే అప్పుడు సూర్యుడు దక్షిణానికి దిగుతాడు. కానీ ఆ నెలలో ఇబ్బందంతా మబ్బు రోజుల్లోనే. మబ్బు రోజు వెలుగు ఆకాశమంతటి నుంచీ వస్తుంది, వాల్చిన కొద్దీ తగ్గుతుంది. పది డిగ్రీలకు తక్కువైతే కింది అంచున మురికి నిలుస్తుంది. పదిహేను సరిపోయింది.

ప్యానెళ్ళను సమాంతరంగా కలిపాం. సీరీస్‌లో కలిపితే ఓపెన్ సర్క్యూట్ (ఏ లోడూ లేనప్పటి) వోల్టేజి 92, చలి తెల్లవారుజామున 94 దాకా వెళ్తుంది. 100 వోల్టుల కంట్రోలర్‌కు అది మరీ అంచు. సమాంతరం కాబట్టి 17.6 యాంప్స్, రానుపోను 16 మీటర్లు, 6 చదరపు మిల్లీమీటర్ల వైరు: నష్టం 0.82 వోల్టులు, 2 శాతానికి కాస్త పైన. ఎంసీ4 ప్లగ్గులు (సోలార్ వైర్లను కలిపేవి) రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. ఒకేలా కనబడే వేరు కంపెనీల జత లోపల సరిగ్గా ఆనదు, వేడెక్కుతుంది.

ఒక్కో ప్యానెల్‌కు నాలుగే బోల్టులు. ఇద్దరు మనుషులు రెండింటినీ 20 నిమిషాల్లో దించగలరు. రేవులో మూడో నంబరు తుపాను హెచ్చరిక గుర్తు ఎగిరితే దించేయాలని స్విచ్ బోర్డు పక్కన తెలుగులో, తమిళంలో రాసి పెట్టాం.

ఈ దశ రూ. 16,700. మొత్తం రూ. 1,22,500.

దశ 5: పెట్టె (రోజు 301 నుంచి 314)

కంట్రోలర్, ఫ్యూజులు ఐపీ65 (దుమ్ము, చిమ్మే నీళ్ళు చొరని) ప్లాస్టిక్ పెట్టెలో ఉండేవి. సీలు బాగానే ఉంది, అయినా అడుగున ప్రతి నెలా చెంచాడు నీళ్ళు. మూసిన పెట్టె పగలు వేడెక్కి గాలిని బయటికి తోస్తుంది, రాత్రి చల్లబడి తేమగాలిని సీలు సందుల్లోంచి పీల్చుకుంటుంది. పీల్చిన తేమ లోపల నీరై నిలిచిపోతుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత గట్టిగా పీలుస్తుంది.

మార్పులు: అడుగున గాలిని పంపి నీటిని ఆపే బ్రీతర్ వాల్వు, వైర్లన్నీ అడుగు నుంచే గ్లాండ్ల (వైరు చుట్టూ బిగిసే బిరడాలు) ద్వారా, గ్లాండ్‌కు ముందు ప్రతి వైరుకూ కిందికి వేలాడే వంపు, నీటిచుక్క అక్కడే రాలిపోవడానికి, కంట్రోలర్ హీట్ సింక్ పెట్టె బయటికి. ఫ్యూజు బోర్డు మీద రెండు పూతలు యాక్రిలిక్ లక్క, కనెక్టర్లకు టేపు అంటించి.

పెట్టెను పడమటి గోడ మీంచి ఉత్తరపు గోడకు మార్చి, పైన నాలుగు వేళ్ళ ఎడంలో ఇంకో రేకు వేశాం. మధ్యాహ్నం లోపలి వేడి 52 డిగ్రీల నుంచి 41కి తగ్గింది. బ్యాటరీ షెడ్డు లోపల, 90 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె మీద. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలకు చెన్నై ఎంత మునిగిందో గుర్తుంచుకుని ఎత్తు నిర్ణయించాం. 45 డిగ్రీలు దాటితే బీఎంఎస్ చార్జింగ్ ఆపేస్తుంది. ఇప్పటిదాకా బ్యాటరీ దగ్గర ఎక్కువలో ఎక్కువ 38.

ఈ దశ రూ. 6,400. మొత్తం రూ. 1,28,900.

కడగడం

పది రోజులు కడగకుండా వదిలి కొలిచాం. కడిగిన ప్యానెల్ 257 వాట్లు, కడగనిది 229. పదకొండు శాతం నష్టం. ఉప్పు, సన్నటి ఇసుక, ఎండు చేపల కోసం వచ్చే కాకుల రెట్ట. ఒక్కో ప్యానెల్‌కు 4 లీటర్ల మంచినీళ్ళు, ఉదయం 8 లోపల, తడిగుడ్డతో. పొడిగుడ్డతో తుడిస్తే ఇసుక అద్దాన్ని గీస్తుంది. సముద్రపు నీళ్ళతో ఎప్పుడూ కడగకూడదు. ఒకసారి ఎవరో సాయం చేద్దామని బకెట్టుతో పోశారు. ఆరాక మిగిలిన తెల్లపొరకు రెట్టింపు నీళ్ళు పట్టాయి. ఇప్పుడు వారానికోసారి.

దశ 6: రెండో నవంబరు (రోజు 455 నుంచి 470)

నాలుగు రోజుల ముసురు. వాన రోజుల్లో ఫ్యాను తక్కువ తిరిగినందున వాడకం రోజుకు సగటున 790. రాబడి, మర్నాడు ఉదయం 6 గంటలకు మిగిలినది:

- మొదటి రోజు: రాబడి 410, మిగిలింది 2,180 (85 శాతం)
- రెండో రోజు: 260, 1,650 (64 శాతం)
- మూడో రోజు: 330, 1,190 (46 శాతం)
- నాలుగో రోజు: 520, 920 (36 శాతం)
- ఐదో రోజు మబ్బు విడింది: 1,450, 1,580 (62 శాతం)

కిందటేడు మూడో రోజు రాత్రే ఆగింది. ఈసారి ఒక్క దీపం కూడా ఆరలేదు. షెడ్డు అతుకుల్లో అన్నిటికంటే ఎక్కువ 11 మిల్లీవోల్టులు.

పారేసిన డబ్బు కూడా రాయాలి: పీడబ్ల్యూఎం 1,100, ఇన్వర్టర్ 4,200, మొదటి వైర్లు 3,200, మొదటి ఫ్రేము 4,000, లెడ్ యాసిడ్ బ్యాటరీలో 10,000. మొత్తం రూ. 22,500. ఈ డైరీ చదివి కట్టేవాళ్ళకు ఇది మిగలాలి.

దశ 7: పడవ (రోజు 320 నుంచి, ఇంకా నడుస్తోంది)

తొమ్మిది మీటర్ల ఫైబర్ పడవ, అవుట్‌బోర్డ్ ఇంజను. ఒక రాత్రి వాడకం: దారి దీపాలు 5 వాట్లు × 11 గంటలు = 55, జీపీఎస్, ఎకోసౌండర్ 10 × 8 = 80, పని దీపం 10 × 3 = 30, వీహెచ్‌ఎఫ్ 10. మొత్తం 175 వాట్ అవర్లు.

50 వాట్ల గట్టి ప్యానెల్, 10 యాంప్స్ కంట్రోలర్, 12.8 వోల్టుల 30 ఏహెచ్ లిథియం బ్యాటరీ. ఎండాకాలం రాబడి 50 × 5 × 0.7 = 175, సరిగ్గా సరిపోతుంది. నవంబరులో 122 మాత్రమే, తరుగు షెడ్డు నుంచి చార్జ్ చేసుకోవాలి. ఇంతకంటే పెద్ద ప్యానెల్‌కు చోటు లేదు, వల లాగేటప్పుడు అడ్డం. ఒంగే ప్యానెల్ జోలికి వెళ్ళలేదు. కాళ్ళ కింద పడి, వేడికి పొరలు విడిపోయి ముందు పోయేది అదే.

ఇక్కడ పాడైనవి వేరు.

కారు లైటర్ సాకెట్ ఐదు వారాల్లో పోయింది. లోపలి స్ప్రింగు ఉక్కుది. దాని బదులు మర మూత ఉన్న రెండు పిన్నుల మెరైన్ ప్లగ్గు.

ఇంజను బాడీని నెగటివ్‌గా వాడి వైరు ఆదా చేయడం ఈ పడవల్లో మామూలు. చేయొద్దు. కరెంటు నీటిలో ఉన్న లోహం గుండా దారి వెతుక్కుంటే ఇంజను కాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ తినేస్తుంది. ప్రతి పరికరానికీ సొంత నెగటివ్ వైరు, అన్నీ బ్యాటరీ దగ్గర ఒకే కడ్డీకి. ఇంజను మీది జింక్ ముక్క సగం అరిగితే మార్చాలి, దానికి రంగు వేయకూడదు.

దిక్సూచి పక్కనుంచి వెళ్ళే దీపం వైరు ముల్లును 6 డిగ్రీలు తిప్పింది. పాజిటివ్, నెగటివ్ రెండూ కలిపి మెలిపెడితే ఒకదాని అయస్కాంతాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. మెలిపెట్టాక తేడా కనబడలేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రేడియోలో దొరికింది. "అన్నా, దీపం వేస్తే పదహారు గుర్రుమంటోంది" అని సరంగు చెప్పాకే తెలిసింది. చవక ఎల్‌ఈడీ పని దీపంలోని డ్రైవర్ 156.8 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే ఆపదలో పిలిచే 16వ చానెల్ మీదే రొద పెడుతోంది. ఒడ్డు మీదే ఇలా పరీక్షించుకోవచ్చు:

1. వీహెచ్‌ఎఫ్‌ను 16వ చానెల్‌లో పెట్టి, స్క్వెల్చ్‌ను (రొదను అడ్డుకునే మీట) రొద ఆగేదాకా మాత్రమే తిప్పాలి.
2. పడవలోని పరికరాలన్నీ ఆపాలి.
3. ఒక్కొక్కటే వేయాలి. ఏది వేసినప్పుడు స్క్వెల్చ్ తెరుచుకుంటే అదే దొంగ.
4. సోలార్ కంట్రోలర్‌ను కూడా ఎండలో, చార్జింగ్ జరుగుతుండగా పరీక్షించాలి.

మొదట దీపం వైరును ఫెరైట్ కోర్ (రేడియో రొదను అణిచే రింగు) గుండా మూడు చుట్లు తిప్పాం. తగ్గింది గానీ పోలేదు. దీపమే మార్చాం. మా కంట్రోలర్‌తో ఇబ్బంది రాలేదు.

ఈ దశ రూ. 16,800. మొత్తం రూ. 1,45,700. పడవలో అతుకులు: 14.

రోజు 470 కొలతల్లో పడవ ప్లగ్గు దగ్గర 34 మిల్లీవోల్టులు, కిందటి నెల 12. మర మూత రబ్బరు రింగులో చేప పొలుసు ఇరుక్కుని మూత పూర్తిగా దిగలేదు. రింగు మార్చి, పిన్నులు శుభ్రం చేశాక 5. వచ్చే నెల మళ్ళీ పెరిగితే ప్లగ్గునే తీసేసి, వైరును నేరుగా బ్యాటరీకి లగ్గుతో బిగిస్తాం. అతుకులు 12 అవుతాయి.